ఇంటి మాట నేర్చిన యంత్రం

డాక్టర్ వకుళ మాటబిళ్ళను తన చెవి వెనకే అంటించుకుని కూర్చుంది. ఎదురుగా తెర మీద బొమ్మలు ఒక్కొక్కటే వస్తున్నాయి. సైకిలు మీంచి పడిన కుర్రాడు. "పడిపోయాడు" అంది బిళ్ళ చెవిలో. మెట్ల మీద జారిన ముసలామె. "జారి పడింది" అంది. ఎండకు వీధిలో సొమ్మసిల్లిన కూలీ. "కళ్ళు తిరిగి పడిపోయాడు" అంది. ఎక్కడా తడబాటు లేదు. చెప్పబోయి ఆగినట్టు ఆమె నటిస్తే చాలు, రెప్పపాటులో మాట అందుతోంది.

యంత్రంలో ఎక్కడో ఒక లోపం దొరికితే బాగుండునని వకుళ కోరుకుంటోంది. తాను తయారుచేసిన దానిలో తప్పు బయటపడాలని కోరుకునే శాస్త్రవేత్తలు తక్కువ. కానీ తప్పు యంత్రానిది కాకపోతే, అది తనదేనని నమ్ముతున్న పదేళ్ళ పిల్ల ఒకతె ఉంది. ఆ పిల్ల మాట్లాడటం మానేసి రెండు వారాలు కావస్తోంది.

మాటబిళ్ళ అంటే ఏమిటో ముందు చెప్పుకోవాలి. డిస్‌లెక్సియా అనగానే అక్షరాలు తారుమారుగా కనపడటం, చదువులో వెనకబడటం, ఇవే మనకు తోస్తాయి. ఆ పిల్లల్లో కొందరికి ఇంకో ఇబ్బంది ఉంటుంది, దాన్ని గురించి మనం తక్కువగా వింటాం. వస్తువు తెలుసు. దాని పని తెలుసు. పేరు కూడా తెలుసు. కావలసిన క్షణంలో ఆ పేరు నోటికి రాదు. పాత స్నేహితుడు బజారులో ఎదురైనప్పుడు పేరు గుర్తురాక మనం పడే అవస్థే అది. మనమైతే "ఏం గురూ" అని తప్పించుకుంటాం. అరవై దాటాక ఊళ్ళో సగం మంది మనకు గురువులే అవుతారు. పిల్లలకు ఆ వెసులుబాటు లేదు. టీచరు దువ్వెన చూపించి ఇదేమిటని అడిగితే "ఏం గురూ" అనలేరు కదా.

వకుళ చేసిన యంత్రం చూడటానికి రూపాయి బిళ్ళంత ఉంటుంది. చెవి వెనక చర్మానికి అంటుకుని ఉంటుంది. మాట పైకి రాకముందే దవడలోనూ గొంతులోనూ కండరాలు చిన్నగా కదులుతాయి. ఆ కదలికను సెన్సార్ పట్టుకుంటుంది. ఆవగింజంత లెన్స్ ఒకటి పిల్ల దేన్ని చూస్తోందో చూస్తుంది. ఈ రెంటినీ కలిపి, పిల్ల వెతుకుతున్న మాట ఏదో ఊహించి, అమ్మ గొంతుతో చెవిలో అందిస్తుంది. వేదిక మీద నటుడికి తెర వెనక నుంచి మాట అందించే మనిషి ఉంటాడే, ఆ పనే.

అయితే ఒక చిక్కుంది. ఒక ఇంట్లో చారు అన్నదాన్నే ఇంకో ఇంట్లో రసం అంటారు. పిల్ల వెతికేది తన ఇంటి మాట. నిఘంటువులో మాట అందిస్తే ఆ పిల్లకు అది పరాయి మాటే. అందుకని బిళ్ళ పెట్టేముందు, నేర్పు నెల అని, ఒక నెలపాటు చిన్న పెట్టె ఒకటి ఇంట్లో ఉంచుతారు. ఏ మనిషిని గురించి, ఏ సందర్భంలో, ఏ మాట వాడతారో అది విని నేర్చుకుంటుంది. గొంతులూ సంభాషణలూ దాచుకోదు. ఇంటి గుట్టు బయటపడకూడదని వకుళే ఆ నియమం పెట్టింది. విన్నది చెరిగిపోతుంది, అలవాటు మాత్రం మిగులుతుంది.

ఆ నియమమే ఇప్పుడు ఆమెకు అడ్డం వచ్చింది. బిళ్ళ ఆ సాయంత్రం ఆ పదేళ్ళ పిల్ల మేదిని చెవిలో ఆ మాట ఎందుకు వేసిందో తెలుసుకోవడానికి, అది నేర్చుకున్న రోజుల నాటి ఒక్క మాట కూడా మిగల్లేదు. ఇక మిగిలింది ఆ ఇంటికి వెళ్ళి అడగటమే.

కాకినాడ అప్పటికి చాలా మారింది. పదకొండు నుంచి నాలుగింటి దాకా ఎండ సెలవు. వీధుల మీద ఈ మేడ నుంచి ఆ మేడకు తెల్లటి గుడ్డలు కట్టి ఉంటాయి. ఆ వేళలో ఆ గుడ్డల కింద కుక్క కూడా తిరగదు. నాలుగింటికి సైరన్ మోగుతుంది. అప్పుడు జనం రెండోసారి తెల్లవారినట్టు లేస్తారు, మొహాలు కడుక్కుంటారు, కాఫీలు తాగుతారు, ఆఫీసులకు వెళ్తారు. ఆ పూటను రెండో పొద్దు అంటారు. ఒకప్పుడు మధ్యాహ్నం నిద్రపోయేవాణ్ణి సోమరి అని తిట్టిన ఊరే ఇప్పుడు పడుకోని వాణ్ణి పిచ్చివాడంటోంది.

వకుళ ఆ ఇల్లు చేరేసరికి సైరన్ మోగి కొంతసేపైంది. తలుపు తీసింది మేదిని తల్లి లాస్య. ఆమె భర్త సముద్రపు గోడ కట్టేచోట ఇంజనీరు, వారానికోసారి వస్తాడు. వెనక గదిలో మంచం మీద ఆయన తండ్రి నరసింగరావు గారు పడుకుని ఉన్నారు. కళ్ళు తెరిచే ఉన్నాయి. కుడి చెయ్యి దుప్పటి మీద ఎవరో పెట్టి మరిచిపోయిన వస్తువులా ఉంది. మంచం పక్కన నేల మీద మేదిని కూర్చుంది. చెవి వెనక బిళ్ళ లేదు.

"పొద్దుట్నుంచీ అక్కడే, డాక్టర్ గారూ" అంది లాస్య. "అన్నం కూడా అక్కడికే పట్టుకెళ్ళాలి."

వకుళ వెళ్ళి పక్కన కూర్చుంది. "మేదినీ, నీ బిళ్ళని అంతా పరీక్ష చేశాను. నీ తప్పేం లేదమ్మా. బిళ్ళ తప్పు మాట అందించింది."

పిల్ల ఆమెకేసి చూసింది. తల అడ్డంగా ఊపింది.

"కాదా? మరి?"

నోరు తెరిచింది. పెదవులు కదిలాయి. మాట ఏదో గొంతు దాకా వచ్చినట్టే ఉంది, రాలేదు. మళ్ళీ తల దించుకుంది.

ఆ సాయంత్రం జరిగింది ఇది. సైరన్ మోగింది. మేదిని మామ్మ మాణిక్యాంబ గారు ముందు గదిలో భజన సమాజం వాళ్ళకు కాఫీలిస్తున్నారు. తాతయ్య మొక్కలకు నీళ్ళు పోస్తానని దొడ్లోకి వెళ్ళారు. మేదిని వెళ్ళి చూస్తే ఆయన కరివేపాకు చెట్టు కింద పడి ఉన్నారు. ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి. పిల్ల పరుగెత్తుకొచ్చి మామ్మ కొంగు పట్టుకు లాగింది.

"అలా లాగకూడదని డాక్టరమ్మ చెప్పింది కదా. నోటితో చెప్పు తల్లీ" అన్నారు మామ్మ.

మేదిని వెతుక్కుంది. బిళ్ళ అందించింది. పిల్ల గట్టిగా, స్పష్టంగా చెప్పింది: "తాతయ్య దొడ్లో నడుం వాల్చారు."

"ఎంత చక్కగా చెప్పిందండీ!" అంది వచ్చినావిడ ఒకతె. "నిరుడు నీళ్ళు కావాలంటే గ్లాసు చూపించేది. ఏదీ, ఇంకోసారి చెప్పమ్మా."

మేదిని ఇంకోసారి చెప్పింది. అది కాదని తలూపుతూనే చెప్పింది. ఈసారీ బిళ్ళ ఆ మాటే ఇచ్చింది, పిల్ల ఆ మాటే అంది. వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒకావిడ చేతిలో రవ్వలడ్డు పెట్టింది. ఎండ సెలవు రోజుల్లో ముసలివాళ్ళు చెట్టు కింద నడుం వాల్చటం వింతేమీ కాదు. ఎవరూ లేవలేదు. పిల్ల కళ్ళనిండా నీళ్ళున్నాయని ఆ తర్వాత అందరికీ గుర్తొచ్చింది. మాట అంత బాగుంటే మొహంకేసి ఎవరు చూస్తారు? భజన వాళ్ళు వెళ్ళాక, దీపం పెట్టే వేళకు, మామ్మ దొడ్లోకి వెళ్ళారు.

ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే తాతయ్యకు మాట దక్కేదని ఆసుపత్రి డాక్టరు మేదిని ముందే అన్నాడు. పిల్ల ఆ రాత్రి బిళ్ళ పీకి బల్ల మీద పెట్టేసింది.

బిళ్ళ రాకముందు మేదిని మాటలు ఇంట్లో వాళ్ళకే అర్థమయ్యేవి. గొడుగును వాన టోపీ అనేది. కుక్కరును కోపం గిన్నె అనేది. ఏ పేరూ దొరక్కపోతే చెయ్యి పట్టుకుని ఈడ్చుకెళ్ళి చూపించేది. అలా ఈడిస్తే రాకుండా ఉండటం ఆ ఇంట్లో ఎవరి తరమూ కాదు. ఒకసారి తాతయ్యను సగం గడ్డం గీసుకుంటుంటే సబ్బు నురగతో సహా వీధి చివరికి లాక్కెళ్ళింది. తీరా చూస్తే అక్కడ గుంటలో పిల్లి పిల్ల.

వకుళ ముందు గదిలోకి వచ్చి కూర్చుంది. మాణిక్యాంబ గారు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు. తెల్లగా, బక్కపలచగా ఉండే మనిషి. ఎంత కష్టంలోనూ నొసట బొట్టు చెదరనివ్వరు.

"మామ్మగారూ, నేర్పు నెలలో ఇంట్లో ఏమేం మాట్లాడేవారో గుర్తు తెచ్చుకుని చెప్పాలి" అంది వకుళ.

"మంచి మాటలే మాట్లాడాం తల్లీ. చెడ్డ మాట ఒక్కటి దొర్లనిచ్చానా? అడుగు, కోడల్ని అడుగు."

లాస్య నిట్టూర్చింది. "నిజమేనండి. ఆ నెలంతా పెళ్ళివారు విడిదికి వచ్చినట్టే గడిచింది. పాలు విరిగిపోయాయి అననివ్వలేదు. గ్లాసు పగిలితే పగిలిందనకూడదు. మా ఆయనా నేనూ పోట్లాడుకోవాలంటే మేడ మీదికి పోయేవాళ్ళం."

"మేడ మీద మాత్రం ఎందుకు పోట్లాట?" అన్నారు అత్తగారు.

"కింద చోటిచ్చారా అత్తయ్యా?"

"అలా ఎందుకు చేశారు మామ్మగారూ?" అంది వకుళ.

"ఎందుకంటావేమిటమ్మా! పెట్టె పెట్టిన రోజున నువ్వే కదా చెప్పావు, 'మీరేది అంటే మీ పాప అదే అంటుంది' అని. సంజె వేళ తథాస్తు దేవతలు తిరుగుతారు, అశుభం పలక్కూడదని మా అత్తగారు చెప్పేది. వాళ్ళైనా సంజెకే వస్తారు. నీ పెట్టె పగలూ రాత్రీ వింటోంది. పైగా ఆ మాట జన్మంతా నా మనవరాలి నోట్లో ఉండిపోతుందాయె. చచ్చాడు, పోయింది, రోగం, ఏడుపు, ఇవా నేను పిల్లకు నేర్పించేది? అందుకే ఇంట్లో అందర్నీ కట్టడి చేశాను."

వకుళ ఆ మాట సరదాగా అంది. ఇలాంటి పెద్దావిడ దాన్ని ఆజ్ఞగా తీసుకుంటుందని ఆమె చదువుకున్న పుస్తకాల్లో ఎక్కడా రాసిలేదు.

"సరే, మంచిదే. కానీ పడిపోవటం అనే మాట లోకంలో అందరి గురించీ బిళ్ళకు తెలుసండీ. తాతగారి విషయంలోనే తెలియలేదు. ఆయన ఆ నెలలో ఎప్పుడైనా పడ్డారా?"

లాస్య అత్తగారికేసి చూసింది. "రెండుసార్లు కళ్ళు తిరిగాయండి. ఒకసారి స్నానాల గది దగ్గర, ఒకసారి..."

"కానీ మేం ఎవ్వరమూ ఆ మాట అనలేదు" అన్నారు మాణిక్యాంబ గారు గబగబా. "ఆయన్ని లేవదీసి పడుకోబెట్టాం, అంతే. పడ్డారు గిడ్డారు అని ఒక్కరి నోట రానివ్వలేదు. ఒట్టు."

"మరి ఏమన్నారు?"

"ఏమంటాం? ఏమీ అనలేదు."

అంతకు మించి ముందుకు పోలేదు. వకుళ ఎన్ని రకాలుగా అడిగినా మాణిక్యాంబ గారికి గుర్తు రాలేదు. దాచటం కాదు, నిజంగానే గుర్తు లేదు. రోజూ అనే మాట మనకు వినపడదు. గడియారం చప్పుడు ఆగిపోతే తెలుస్తుంది గాని కొట్టుకుంటున్నంతసేపూ తెలియదు.

అప్పుడు గేటు చప్పుడైంది. పక్కింటి చిదంబరం గారు. కాలనీ సంఘానికి అధ్యక్షులు, మంచి మాటకారి. లోపలికి రాకుండా గేటు మీద చేతులాన్చి కేకేశారు: "అమ్మా, మాణిక్యాంబ గారూ! మా నరసింగరావు ఎలా ఉన్నాడండీ?"

"బానే ఉన్నారండీ అన్నయ్యగారూ!" అన్నారావిడ కూర్చున్నచోటు నుంచే, కాఫీ గ్లాసులు సర్దుతూ. "ఇప్పుడే కాస్త నడుం వాల్చారు."

"పడుకోనివ్వండి, పడుకోనివ్వండి. మళ్ళీ వస్తాను." ఆయన వెళ్ళిపోయారు.

లాస్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మాణిక్యాంబ గారి చేతిలో గ్లాసు అలాగే ఉంది. తన గొంతు తనకే ఆలస్యంగా చేరినట్టు ఆవిడ మెల్లిగా తల తిప్పారు.

వెనక గది గుమ్మంలో మేదిని నిలబడి ఉంది. చెయ్యి చాచి మామ్మకేసి చూపిస్తోంది. పిల్లకు ఇదంతా మొదటి నుంచీ తెలుసు. బిళ్ళ ఆ మాట అందించిన క్షణాన అది ఎవరి మాటో పోల్చుకుంది. అందుకే బిళ్ళ తప్పు అంటే ఒప్పుకోలేదు. ఆ ముక్క చెప్పడానికి కావలసిన మాటలు ఆమె దగ్గర లేవు, అంతే.

"ఇదేనా అమ్మా?" అన్నారు మాణిక్యాంబ గారు వకుళతో. గొంతు బాగా తగ్గిపోయింది.

వకుళకు ఆ నిమిషంలో ఒక అబద్ధం చేతికందే దూరంలో ఉంది. యంత్రానిదే తప్పు అనేస్తే ఇంకెవరూ మోయక్కర్లేదు. కానీ పిల్ల చూస్తోంది.

"అవునండీ. ఆయనకు కళ్ళు తిరిగిన ఆ రెండుసార్లూ ఎవరొచ్చి అడిగినా ఇలాగే చెప్పి ఉంటారు. తాతగారు కింద పడితే ఈ ఇంట్లో అనే మాట ఇదేనని అది నేర్చుకుంది. తప్పుగా నేర్చుకోలేదు. నోటితోనే చెప్పించాలి, లాగనివ్వద్దు అన్నది నేను. అందులో నా పాలూ ఉంది."

మాణిక్యాంబ గారు లేచారు. మనవరాలి ముందు మోకాళ్ళ మీద కూర్చోబోయి, కీళ్ళు సహకరించక గడప మీద కూర్చున్నారు.

"నువ్వు చెప్పావమ్మా" అన్నారు. "నా మాటే నాకు చెప్పావు. నేనే వినలేదు. తాతయ్య నడుం వాల్చలేదు. పడిపోయారు. దొడ్లో పడిపోయారు. నేను..." ఆవిడకు తర్వాతి మాట రాలేదు. మేదిని వేలు దించి, వచ్చి గడప మీద మామ్మ పక్కన కూర్చుంది. కొంగు పట్టుకుంది. లాగలేదు.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో పెట్టెకు రెండో నేర్పు నెల మొదలైంది. ఈసారి వకుళ చెప్పింది ఒక్కటే, ఉన్నదున్నట్టు అనండి అని. వినడానికి సులువుగానే ఉంటుంది. మాణిక్యాంబ గారు మొదటిరోజు పొద్దున్నే పెట్టె ముందు పీట వేసుకు కూర్చుని "నొప్పి, జ్వరం, రక్తం, భయం, చావు" అని ఒక్కొక్కటే అప్పజెప్పి, ప్రతిదానికీ లెంపలు వేసుకున్నారు. అలా కాదండీ అని లాస్య నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. "ఏడుస్తోంది" అని మాణిక్యాంబ గారు పైకి అనేసరికి పెట్టె ఆ మాటా నేర్చుకుంది.

బియ్యం నిండుకుంటే అయిపోయాయి అన్నారు. భార్యాభర్తలు మేడ దిగొచ్చి వంటింట్లోనే పోట్లాడుకున్నారు. నరసింగరావు గారికి అన్నం తినిపిస్తూ మెతుకులు కారిపోతే, "చూడలేకపోతున్నానండీ" అన్నారు మాణిక్యాంబ గారు ఆయనతో. కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో ఆవిడ నోట ఆ మాట రావటం అదే మొదలు. ఆయన ఎడమ చెయ్యి ఎత్తి ఆవిడ మోచేతి మీద వేశారు.

వకుళ నియమాలు మార్చింది. కొత్తగా బిళ్ళ పెట్టే ప్రతి ఇంటికీ, నేర్పు నెలలో చెడ్డ మాటలు దాచవద్దని చెప్పించింది. దానికి చాలా ఇళ్ళు ఒప్పుకోలేదు. పిల్లలకు మాటలు రాకపోయినా ఫరవాలేదు, ఇంట్లో మాటలు బయటికి పొక్కడం వద్దన్నారు. యంత్రం వెనక్కి ఇచ్చేసిన వాళ్ళలో తెలుగు పంతుళ్ళూ ఉన్నారు, పేరున్న వకీళ్ళూ ఉన్నారు. శాస్త్రం పిల్లల నోటికి తాళం తీస్తానంటే పెద్దలు తలుపుకు గడియ పెట్టుకున్నారు. వకుళ ఇప్పటికీ దానికి మందు కనిపెట్టలేదు.

మేదిని మళ్ళీ బిళ్ళ పెట్టుకున్నాక ఒకరోజు, రెండో పొద్దు సైరన్ మోగిన కాసేపటికి, చిదంబరం గారు గేటు దగ్గరికి వచ్చారు. మేదిని వాకిట్లో కుండీలకు నీళ్ళు పోస్తోంది.

"ఏం తల్లీ! తాతయ్య ఎలా ఉన్నాడు? నడుం వాల్చాడా?"

మేదిని మగ్గు కింద పెట్టింది. కాస్త వెతుక్కుంది. చెవిలో అమ్మ గొంతు చిన్నగా పలికింది.

"లేదండీ. తాతయ్య పడిపోయారు. కుడి చెయ్యి పోయింది. మాట పోయింది. మళ్ళీ రాదంట. మామ్మ పొద్దున ఏడ్చింది. నాకు భయంగా ఉంది."

లోపల కిటికీ దగ్గర మాణిక్యాంబ గారు గబుక్కున లేచారు. ఏదో ఒకటి అని మాట మార్చేద్దామని గుమ్మం దాకా వచ్చారు. తలుపు మీద చెయ్యి వేసి, అక్కడే ఆగిపోయారు.

చిదంబరం గారి చెయ్యి గేటు మీంచి జారింది. "అంటే... అదే... మరి..." అన్నారు. కళ్ళజోడు తీశారు, మళ్ళీ పెట్టుకున్నారు. ఎన్నో సభల్లో, ఎన్నో సంతాపాల్లో మాట్లాడిన మనిషి. పెదవులు కదిలాయి. గొంతులో ఏదో ఆడింది. పదేళ్ళ పిల్లతో అనదగిన మాట ఒక్కటి, నిజమైనది ఒక్కటి, ఆయనకు దొరకలేదు. ఆయన చెవి వెనక ఏ బిళ్ళా లేదు.

మేదినికి తొందర లేదు. మాట దొరకటానికి ఎంతసేపు పట్టగలదో ఆ వీధిలో అందరికంటే ఆమెకే బాగా తెలుసు. ఆయన మొహంకేసి చూస్తూ నిలబడింది.